ఇద్దరు సంపాదకులు, ఒక్క సంకలనం: లొల్లి లేకుండా పని నడిపే పద్ధతి

వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ వైపు వచ్చే కథల సంకలనాల్లో చాలా మటుకు ఇద్దరు స్నేహితులు సొంత డబ్బులు వేసుకుని తెచ్చేవే. ఒకరు హనుమకొండలో ఉంటారు, ఇంకొకరు జగిత్యాలలోనో మంచిర్యాలలోనో. వెనక పెద్ద ప్రచురణ సంస్థ ఉండదు, తగవు వస్తే తీర్చే పైఅధికారీ ఉండడు. కథ మంచిదా కాదా అన్న వాదన దగ్గర ఈ జంటలు విడిపోవడం అరుదు. అట్ట మీద ఎవరి పేరు ముందుంది, నాకు చెప్పకుండా ఆ వాక్యం ఎవరు మార్చారు, ఆ ఐదు వేలు ఎక్కడికి పోయాయి, వద్దనుకున్న కథ మళ్లీ లోపలికి ఎట్లా వచ్చింది? పంచాయితీలన్నీ ఇక్కడే. వీటిలో ముందుగా రాసి పెట్టుకోలేనిది ఒక్కటీ లేదు.

కింద చెప్పేదంతా 24 కథలు, డెమీ సైజులో 176 నుంచి 208 పేజీలు, 500 కాపీల పుస్తకాన్ని దృష్టిలో పెట్టుకుని రాసింది. కవితా సంకలనానికైనా, పత్రిక ప్రత్యేక సంచికకైనా కొద్ది మార్పులతో సరిపోతుంది.

మొదట రెండు పేజీల ఒప్పందం

స్టాంపు కాగితం అక్కర్లేదు. ఒకరు రాసి మెయిల్ చేస్తే రెండోవారు “ఒప్పుకుంటున్నాను” అని జవాబిస్తే చాలు. కానీ కథలు పంపమని ప్రకటన ఇవ్వకముందే ఇది జరగాలి. ప్రకటన వెళ్లాక రాసుకునే ఒప్పందంలో ఎవరో ఒకరు మొహమాటానికి తలూపుతారు.

పేర్ల వరుసతో మొదలుపెట్టండి. అక్షరక్రమం అన్నిటికంటే తేలిక. ఇంటిపేరుతో లెక్కా, అసలు పేరుతోనా అన్నది కూడా రాయండి. అట్ట, లోపలి టైటిల్ పేజీ, వెనక అట్ట, ఆవిష్కరణ బ్యానరు, ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే గుర్తింపు నంబరు) దరఖాస్తు అన్నిట్లో ఒకే వరుస ఉండాలి. 176 పేజీల పుస్తకానికి వెన్ను సెంటీమీటరు లోపే వస్తుంది, రెండు పేర్లు పట్టక, కంప్యూటర్లో పేజీలు కట్టే డీటీపీ ఆపరేటర్ ఒకటి తీసేస్తాడు. పట్టకపోతే వెన్ను మీద పుస్తకం పేరొక్కటే వేయమని ముందే చెప్పండి.

తర్వాత, ఏ విషయంలో ఎవరిది చివరి మాట. “అన్నీ ఇద్దరం కలిసే చేద్దాం” అన్నది వినడానికి బాగుంటుంది గానీ, ప్రెస్సువాడు ఫోన్ చేసి రంగు అడిగినప్పుడు పని ఆగిపోతుంది. ఎంపికకు మాత్రం ఇద్దరి ఒప్పుదల తప్పనిసరి చేసి, మిగతావి పంచుకోండి. భాష, సవరణలు, రచయితలతో ఉత్తరాలు ఒకరికి. అట్ట, ప్రెస్సు, లెక్కలు ఇంకొకరికి. రెండోవారు సలహా చెప్పవచ్చు, నిర్ణయం మార్చకూడదు.

మధ్యలో ఒకరు తప్పుకుంటే ఏమిటన్నది ఎవరూ రాసుకోరు. ఎంపిక పూర్తి కాకముందే వెళ్లిపోతే పేరు ఉండదు, పూర్తయ్యాక వెళ్తే వారు వద్దంటే తప్ప పేరు ఉంటుంది అన్నది న్యాయమైన పద్ధతి. రెండు సందర్భాల్లోనూ వారం రోజుల్లో ఫైళ్లు, లెక్కలు అప్పజెప్పాలి. రెండో ముద్రణకు, ఈబుక్కుకు, ఆడియోకు ఇద్దరి రాతపూర్వక అంగీకారం కావాలనీ, ముందుమాట ఎవరు రాస్తే దాని హక్కు వారిదేననీ చేర్చండి.

పుస్తకం కోసం కొత్త మెయిల్ ఐడీ ఒకటి తెరవండి. పాస్‌వర్డ్ ఇద్దరి దగ్గరా ఉండాలి. రికవరీ ఫోన్ నంబరు ఒకరిదైతే రికవరీ మెయిల్ ఇంకొకరిది పెట్టండి. కథలు ఒకరి సొంత వాట్సాప్‌కు వస్తూ ఉంటే, రెండోవారికి ఎప్పుడూ సగమే తెలిసినట్టుంటుంది. అనుమానం మొదలయ్యేది అక్కడే.

కథలు వచ్చాక

వచ్చిన ప్రతి కథకూ వచ్చిన తేదీతో వరుస నంబరు వేయండి. రచయిత పేరు తీసేసి చదవడం మంచిది. ఆ పని మీ ఇద్దరిలో ఎవరూ చేయకూడదు, నమ్మకమైన మూడో మనిషికి అప్పగించండి. పేరు కథ చివర మాత్రమే ఉండదు, ఫైలు పేరులోనూ, వర్డ్ ఫైలు ప్రాపర్టీస్‌లోనూ ఉంటుంది. అన్నీ తీసేసినా మన దగ్గర సాహిత్య ప్రపంచం చిన్నది. రెండు పేరాలు చదవగానే ఇది ఫలానా గోదావరిఖని ఆయన రాత అని తెలిసిపోతుంది. తెలిసిపోయినప్పుడు, కథల మీద మీ నిర్ణయాలు రాసుకునే పట్టికలో “గుర్తుపట్టాను” అని రాయండి. తెలియనట్టు ఉండడం కంటే అది నయం.

ఇద్దరూ విడివిడిగా చదవాలి. పదికి ఎన్ని మార్కులన్న పద్ధతి వద్దు. ఒకరు ఏడు దాటరు, ఇంకొకరు ఆరు కిందికి దిగరు, కూడి సగటు తీస్తే దానికి అర్థం ఉండదు. “తీసుకుందాం”, “మాట్లాడదాం”, “వద్దు” అన్న మూడు మాటలు చాలు, ప్రతిదానికీ ఒక వాక్యం కారణం. “నచ్చలేదు” కారణం కాదు. “మూడో పేజీ దాకా కథ మొదలు కాలేదు” కారణం. పట్టికలు రెండూ ముందే అనుకున్న ఒకే రోజు, ఒకే గంటకు ఉమ్మడి మెయిల్‌కు పంపుకోండి. అంతకుముందు ఫోన్లో “ఆ 31వ నంబరు చూసినవా, మస్తుంది” అనడం మొదలైతే విడిగా చదివిన ఫలితం పోతుంది.

ఇద్దరూ తీసుకుందామన్నవి లోపలికి, ఇద్దరూ వద్దన్నవి బయటికి. మిగిలినవాటి మీదే చర్చ. ఒక్కొక్కరికీ ఒక కథ పట్టుబట్టి తీసుకునే హక్కు, ఒక కథ పట్టుబట్టి ఆపే హక్కు ఇచ్చుకోండి. ఒకటికి మించితే అది మొండితనమే అవుతుంది.

బంధువు, శిష్యుడు, తోటి ఉద్యోగి, తన పుస్తకానికి ముందుమాట రాసినవారు కథ పంపితే, ఆ సంబంధం ఉన్న సంపాదకుడు పట్టికలో ఆ గడి ఖాళీగా వదిలి కారణం రాయాలి. నిర్ణయం రెండోవారిది, అవసరమైతే మూడో పాఠకుడిది. సంపాదకుల సొంత కథల విషయంలో మా అభిప్రాయం సూటిగా చెప్తాం: ఇద్దరివీ వద్దు. “ఇద్దరివీ వేసుకుందాం” అన్న రాజీలో ఇద్దరూ ఒకరికొకరు బాకీ పడతారు.

విరాళాల దగ్గర ఇంకా పైలంగా ఉండాలి. ముద్రణకు పదివేలు ఇస్తానన్న పెద్దమనిషి వారం తిరక్కుండా కథ పంపుతాడు. ఎంపిక జాబితా ప్రకటించే దాకా కథ పంపిన ఎవరి దగ్గరా రూపాయి తీసుకోబోమని ప్రకటనలోనే వేయండి.

ఇక తిరస్కరణ ఉత్తరం. అన్నిటికంటే ఎక్కువగా ద్రోహం జరిగేది ఈ చిన్న పనిలో. రచయిత ఫోన్ చేసి “అన్నా, నా కథ ఏమైంది?” అంటాడు. ఇటు ఉన్నవారికి చెడ్డ కావడం ఇష్టం ఉండదు. “నాకైతే మస్తు నచ్చిందే తమ్ముడూ, సారే వద్దన్నడు” అనేస్తారు. ఆ మాట సాయంత్రానికి సారుకు చేరుతుంది. అది నిజమే అయినా చెప్పకూడదు, ఎందుకంటే పుస్తకం నిర్ణయాలన్నీ ఇద్దరివి. ఉత్తరం ఇద్దరి పేర్లతో ఒకే ముసాయిదాలో వెళ్లాలి, ఫోన్లో అడిగినవారికీ అదే జవాబు: “ఈ సంకలనానికి మేము తీసుకోలేదు.” ఎవరు ఏమన్నారన్నది పట్టికలో ఉంటుంది, పట్టిక బయటికి పోదు.

వాక్యం మీద చెయ్యి వేసేటప్పుడు

సవరణల్లో మూడు అంచెలు పెట్టుకోండి. అచ్చుతప్పులు, ఒత్తులు, సున్నలు రచయితను అడగకుండా దిద్దవచ్చు. వాక్యం మారితే అడగాలి. ఒక పేరా తీసేయడం, ముగింపు మార్చడం మీ పని కాదు. సూచన రాసి పంపితే రచయితే చేస్తారు, లేదంటే చేయరు. 1957 కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం, రచన తనదని చెప్పుకునే హక్కూ, తన పరువుకు భంగం కలిగేలా రచనను వక్రీకరిస్తే అడ్డుకునే హక్కూ రచయితకు ఉన్నాయి. హక్కులు రాసిచ్చేసినా ఇవి పోవు.

సవరణల్లో చివరి మాట ఒకరిదే అయినా, పనిగా కథలను చెరి పన్నెండు పంచుకోండి. ఒక కథకు ఒకే సంపాదకుడు రచయితతో మాట్లాడాలి. ఇద్దరూ విడివిడిగా ఫోన్లు చేస్తే ఒకరు పెంచమన్నది ఇంకొకరు తగ్గించమంటారు, రచయిత ఇద్దరినీ నమ్మడం మానేస్తాడు. రెండోవారు సవరించిన ప్రతిని చదివి పక్కన వ్యాఖ్య పెట్టాలి తప్ప నేరుగా దిద్దకూడదు. గూగుల్ డాక్స్‌లో సజెస్టింగ్ మోడ్, వర్డ్‌లో ట్రాక్ చేంజెస్ ఎప్పుడూ ఆన్‌లో ఉండాలి, చేసిన ప్రతి మార్పూ కనబడేలా. మూల ప్రతి మీద ఎవరూ పని చేయకూడదు. “07_మూలం”, “07_సవరణ1_12జూన్”, “07_రచయిత ఒప్పుకున్నది” అన్న తీరులో ఫైళ్లకు పేర్లు పెట్టండి. “ఫైనల్”, “ఫైనల్ కొత్తది”, “అసలు ఫైనల్” అన్న పేర్లతో ప్రెస్సుకు పాత ప్రతి పోయిన పుస్తకాలు కోకొల్లలు.

మన ప్రాంతపు సంకలనంలో అసలు చిక్కు భాష దగ్గర వస్తుంది. సంపాదకుల్లో ఒకరు యూనివర్సిటీలో పాఠం చెప్పేవారు, ఇంకొకరు ఊరిలో ఉండేవారు అనుకోండి. మొదటివారు అలవాటుగా “వచ్చిండు”ను “వచ్చాడు” చేస్తారు. రెండోవారికి అది తమ నోరు నొక్కినట్టు ఉంటుంది. ఇద్దరూ కూర్చుని, సవరణ మొదలుకాకముందే, ఒక పేజీ భాషా నియమాలు రాసుకోవాలి.

ఆ పేజీలో ఉండవలసినవి ఇట్లాంటివి. ఉత్తర తెలంగాణ భాష ఒక్కటి కాదు. వరంగల్, కరీంనగర్ పల్లెల్లో “వత్తాండు”, “పోతాండు” వినిపిస్తే, కరీంనగర్ నుంచి నిజామాబాద్, ఆదిలాబాద్ వైపు పోతుంటే “వచ్చిండు” కాస్తా “అచ్చిండు” అవుతుంది. పుస్తకమంతా ఒకే తీరుకు తెద్దామని వీటిని కలిపేయకూడదు. ఒక్కో కథ తన ఊరి మాటతోనే ఉండాలి. ఏకరూపత చూడవలసింది కథ లోపల మాత్రమే. కథనంలో ఒకచోట “వస్తున్నడు”, ఇంకోచోట “వత్తాండు”, మరోచోట “వస్తున్నాడు” ఉంటే అది కావాలని చేసిందా, టైపింగులో జరిగిందా అని రచయితను అడగండి. పాత్రలు ఒక తీరుగా, కథకుడు ఇంకో తీరుగా మాట్లాడితే అది శిల్పం కావచ్చు. ఒకే పాత్ర పేరాకొక తీరుగా మాట్లాడితే దాదాపు ఎప్పుడూ పొరపాటే.

దీనికి ఎదురు తప్పు కూడా ఉంది, దాని గురించి తక్కువ మాట్లాడతారు. రచయిత మామూలుగా రాసిన వాక్యానికి యాస సరిపోలేదని, ప్రతి మాట ముందూ ఒక “గ” తగిలించి “గప్పుడు”, “గాడ” అని మార్చే సంపాదకులున్నారు. “వచ్చాడు” అని దిద్దడం ఎంత అన్యాయమో ఇదీ అంతే.

కైకిలి, ఎవుసం, అర్ర, సోయి, యాది లాంటి మాటలకు కింద అర్థాలు ఇవ్వాలా? ఇస్తే పుస్తకం ఎవరి కోసమో తేల్చుకుని ఇవ్వండి. ఇక్కడి పాఠకుడి చేతిలో పెడుతూ “యాది”కి అర్థం రాస్తే అతన్ని పక్కన కూర్చోబెట్టినట్టే. ములుగు వైపు కథల్లో కోయ మాటలు, ఆదిలాబాద్ కథల్లో గోండి మాటలు వస్తే ఆ భాష మాట్లాడేవారికి చూపించండి. ఇద్దరు సంపాదకులకూ రాని భాషలో ఏకాభిప్రాయానికి విలువ లేదు.

ఫోన్లో మాట్లాడి టైపు చేయించే పద్ధతి, వ్యాకరణం దిద్దే యాప్‌లు, ఏఐ సాధనాలు యాసను చప్పుడు చేయకుండా “సరిదిద్దుతాయి”. మీలో ఒకరు వేగం కోసం అట్లాంటిది వాడితే రెండోవారికి చెప్పకుండా ఉండకూడదు. అచ్చు కాని కథను రచయితను అడగకుండా అట్లాంటి సాధనాల్లో వేయబోమని ఒప్పందంలోనే రాయండి. ఇదే మాట రచయితల నుంచీ తీసుకోండి: కథ వారి సొంతమనీ, ఎక్కడ ఏ సాధనం వాడారో చెప్తామనీ.

అనుమతులు

“అన్న మనవాడే, అడిగితే కాదంటడా” అన్న మాట కాగితం కాదు. లైసెన్సు, అంటే రచన వాడుకునే అనుమతి, రాతపూర్వకంగా ఉండాలని కాపీరైట్ చట్టం 30వ సెక్షన్ చెబుతుంది. ఉత్తరంలో గడువు రాయకపోతే 5 ఏళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని లెక్కిస్తారు. ఐదు వాక్యాలు సరిపోతాయి:

“ఫలానా శీర్షిక గల నా కథను ఫలానా సంకలనంలో అచ్చు పుస్తకంగా ప్రచురించడానికి ఇద్దరు సంపాదకులకూ కలిపి అనుమతిస్తున్నాను. ఈ అనుమతి ఇన్ని సంవత్సరాలు, ఈ ప్రాంతాలకు వర్తిస్తుంది. ఈబుక్, ఆడియో, అనువాదాలకు వర్తించదు. కథపై హక్కులు నావే. కథ మొదట ఫలానా పత్రిక ఫలానా సంచికలో వచ్చింది, నేను ఒప్పుకున్న సవరణలతోనే అచ్చు వేయాలి.”

“ఇద్దరికీ కలిపి” అన్న మాట మరవకండి. ఉత్తరం ఒకరి పేరుతోనే ఉంటే, రేపు విడిపోయినప్పుడు పుస్తకం ఎవరిదన్న ప్రశ్నకు ఆ ఉత్తరాలే సాక్ష్యం అవుతాయి.

మొదట ఎప్పుడు అచ్చయిందన్నది రచయితకే సరిగా గుర్తుండదు. పాత కథలకు శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు 1997లో స్థాపించిన కథానిలయం సేకరణ చూడండి. చనిపోయిన రచయితల హక్కు మరణించిన ఏడాది తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. 1965లో కన్నుమూసినవారి రచనలు 2026 జనవరి 1 నుంచి స్వేచ్ఛగా వాడుకోవచ్చు, 1966 వారివి ఇంకో ఏడాది ఆగాలి. గడువు ఉన్నవాటికి వారసులందరి సంతకాలు కావాలి. పరిచయం ఉన్న పెద్దకొడుకు ఒక్కడు సరే అంటే చాలదు.

డీటీపీ, ప్రూఫు

యూనికోడ్‌లో సవరించిన మేటర్‌ను డీటీపీ ఆపరేటర్ యూనికోడ్ కాని పాత “అను” ఫాంట్లలోకి మార్చినప్పుడు కొత్త తప్పులు పుడతాయి. మధ్యలో వచ్చిన ఇంగ్లిష్ మాటలు పిచ్చి గీతలవుతాయి, కొటేషన్ గుర్తులు మారతాయి, విడిగా ఉండాల్సిన పొల్లు తర్వాతి అక్షరానికి ఒత్తుగా పోయి అతుక్కుంటుంది. ఇది తెలియక “నువ్వే చెడగొట్టినవ్” అని సంపాదకులు ఒకరినొకరు అనుకుంటారు. మార్పిడి తర్వాత ప్రూఫును మొదటిసారి చదువుతున్నట్టు మొత్తం చదవాలి. వీలైతే యూనికోడ్ ఫాంట్లతోనే పేజీలు కట్టే చోటికి వెళ్లండి.

మూడు ప్రూఫులు పెట్టుకోండి. మొదటిది ఎవరు సవరించిన కథలు వారు కాకుండా మార్చుకుని చదవాలి, ఎందుకంటే తన తప్పు తనకు కనబడదు. రెండోది రచయితలకు పీడీఎఫ్‌గా, జవాబుకు పది రోజుల గడువుతో. మూడోది ఇద్దరూ ఒకే చోట కూర్చుని, ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు చూడాలి. ఆ మూడో ప్రూఫులో ప్రతి పేజీ కింద ఇద్దరి పొడి సంతకాలు ఉండాలి. ఆ తర్వాత ప్రెస్సుకు ఒక్కరే ఫోన్ చేసి “ఆ ఒక్క మాట మార్చు” అనడం నిషేధం. పుస్తకం 16 పేజీల ఫారాల్లో కడతారు, 176 పేజీలంటే 11 ఫారాలు. చివర్లో నాలుగు పేజీలు పెరిగితే ఇంకో ఫారం పడుతుంది, లేదా ఎవరి కథకో ఫాంటు తగ్గించాల్సి వస్తుంది. ఏది చేయాలన్నదీ ఇద్దరి నిర్ణయమే.

సెప్టెంబరు 9న, కాళోజీ జయంతి నాడు, తెలంగాణ భాషా దినోత్సవం కాబట్టి అందరికీ ఆవిష్కరణ ఆ రోజే కావాలి. అట్లా అనుకుంటే జూలై ఆఖరుకు మూడో ప్రూఫు అయిపోవాలి. ఆగస్టు 25న “రెండో ప్రూఫు రచయితలకు పంపకుండా వేసేద్దాం” అన్న మాట వస్తే తేదీనే మార్చండి.

డబ్బు

ఒక షీటు, రెండు జేబులు. ఎవరు ఏ ఖర్చు పెట్టినా 24 గంటల్లో షీటులో ఎక్కించి, రసీదు లేదా యూపీఐ స్క్రీన్‌షాట్ జత చేయాలి. ఆటో, జిరాక్స్, పోస్టు కూడా రాయాలి. పెద్ద ఖర్చులు అందరికీ గుర్తుంటాయి, మనసులు విరిచేవి ఈ చిల్లర ఖర్చులే.

కాపీల లెక్క ముందే వేయండి. 500లో 24 మంది రచయితలకు రెండేసి 48, సమీక్షలకు 20, సంపాదకులకు 15 చొప్పున 30, చిత్రకారుడికి, డీటీపీకి, ప్రూఫు చూసినవారికి కలిపి 6, చట్టప్రకారం గ్రంథాలయాలకు 4. మొత్తం 108 పోతే అమ్మకానికి ఉండేవి 392. పుస్తకం ధర వేసేటప్పుడు మొత్తం ఖర్చును 392తో భాగించండి, 500తో కాదు. దుకాణం కమిషను, పోస్టు ఖర్చు ఆ పైన. ఇది చేయనివారే తర్వాత “నీ దగ్గర ఇంకా వంద కాపీలుండాలె కదా” అని అడగాల్సి వస్తుంది. ఎవరింట్లో ఎన్ని పెట్టెలు ఉన్నాయో కూడా షీటులో ఉండాలి.

ఐఎస్‌బీఎన్‌ను రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఆన్‌లైన్‌లో ఉచితంగా ఇస్తుంది. దరఖాస్తు ఎవరి ఖాతా నుంచి, ఏ ప్రచురణ పేరుతో వెళ్తుందో ఒప్పందంలో రాసుకున్నాకే పంపండి.

తేడా వచ్చినప్పుడు

రెండోవారు మీకు చెప్పకుండా వాక్యం మార్చినట్టు కనిపిస్తే ముందు ఫైలులో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చూపే వెర్షన్ హిస్టరీ చూడండి. సగం సార్లు అది రచయితో, ఆపరేటరో చేసిందై ఉంటుంది. నిజంగా వారే మార్చితే ఫోన్ చేసి ఆ వాక్యం గురించే అడగండి, “నువ్వెప్పుడూ ఇంతే” దాకా పోకండి. మాట్లాడుకున్నాక ఏం తేలిందో రెండు వరుసలు మెయిల్ చేయండి. తేలకపోతే ఇద్దరూ ముందే ఒప్పుకున్న మూడో మనిషికి ఇవ్వండి. ఆ మనిషి సంకలనంలో కథ ఉన్నవారు కాకూడదు. తగవు నడుస్తున్నప్పుడు ఉమ్మడి మెయిల్ పాస్‌వర్డ్ మార్చడం, ఫేస్‌బుక్‌లో పేరు పెట్టకుండా పోస్టు రాయడం, ఈ రెండూ చేస్తే తిరిగి కలిసి పనిచేయడం దాదాపు అసాధ్యం.

తప్పు అచ్చయ్యాక బయటపడితే అది ఎవరి పన్నెండు కథల్లోదన్న లెక్క పాఠకుడికి వద్దు. ఇద్దరి పేరుతో తప్పొప్పుల చీటీ వేసి, అమ్మని కాపీలన్నిట్లో పెట్టండి, రచయితకు ఇద్దరూ ఉత్తరం రాయండి. కథ ఇంకొకరి నుంచి ఎత్తిందని తేలితే అమ్మకం ఆపి, అసలు రచయితకు రాసి, ఆ తర్వాతే మాట్లాడండి.

పుస్తకం వెలువడిన 30 రోజుల్లోగా చేయాల్సిన పనులు మూడు మిగులుతాయి. మొదటిది, గ్రంథాలయాలకు పుస్తకాలు అందజేయాలనే 1954 చట్టం ప్రకారం కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై కన్నెమరా, ముంబయి సెంట్రల్ లైబ్రరీ, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీలకు ప్రచురణకర్త ఖర్చుతో ఒక్కో ప్రతి పంపాలి. చట్టం అడగకపోయినా హనుమకొండలో 1904 నుంచి ఉన్న శ్రీ రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయానికీ ఒకటి ఇవ్వండి. రెండోది, లెక్కల షీటు మూసి మిగులు లేదా నష్టం ఒప్పందం ప్రకారం పంచుకోవడం. మూడోది, మూల ప్రతులు, సవరణలు, అనుమతి ఉత్తరాలు, ప్రెస్సుకు పంపిన చివరి పీడీఎఫ్, డీటీపీ ఫైలు రెండు పెన్‌డ్రైవ్‌లలో ఎక్కించి చెరొకటి తీసుకోవడం. డీటీపీ ఫైలు అడిగి తీసుకోవాలి, ఆపరేటర్ తనంతట తాను ఇవ్వడు.